ఆఖరి ఎపిసోడ్‌కు అభ్యంతరం లేదు

రెండు వేల ఇరవై నాలుగు, అక్టోబరు ఆరో తేదీ, ఆదివారం, ఉదయపు ఆరాధన ముగిసిన తరువాత. స్థలం: గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ చివరి వరుసలో రిటైర్డు టింబర్‌మన్ దావీదు ఇంటి ముందుగది. హాజరైనవారు: ఇంటి యజమాని దావీదు, ఆయన భార్య సువార్త, వారి కుమారుడు యేసుకుమార్, కోడలు శోభ, కుమార్తె సుజిత, దావీదుతో కలిసి ఏళ్ల తరబడి గనిలో దిగిన మొగిలి (సాక్షి), హైదరాబాదు నుంచి ఒక టీవీ ఛానల్ తరఫున వచ్చిన జగదీశ్వర్.

సుజిత ఈ వివరాలను మనసులో ఈ వరుసలోనే రాసుకుంది. పదమూడేళ్ల కిందట ఒక ఆదివారం ఈ మనుషులే ఈ గదిలోనే కూర్చున్నప్పుడు రాసిన కాగితం కూడా ఇలాగే మొదలైంది. ఆ కాగితం ఆమెకు ఇప్పటికీ కంఠస్థం. ఆ రోజు లేనివాడు జగదీశ్వర్ ఒక్కడే.

బొగ్గు మీద బతికే ఊళ్లలో వారసత్వమంటే పొలమూ కాదు, ఇల్లూ కాదు, కొలువు. గనిలో పనిచేసే తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే ఆ కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఒక్కరికే. తక్కినవాళ్లు తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గర తెగిపోయి, ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటూ పలకరించుకోని తోబుట్టువులు ఆ కాలనీలో ఏ వరుసలో వెతికినా దొరుకుతారు.

దావీదు చెవులు పోయి అన్‌ఫిట్ అయ్యాడు. గని లోపల పైకప్పు కుంగకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి కింద మనుషులు నిలవవచ్చో లేదో చెప్పేవాడు. చెవులనే పనిముట్టుగా చేసుకుని బతికిన మనిషికి ఆ చెవులే ముందు పోయాయి.

ఆయన కొలువును సుజిత కోరుకుంది. దిగేవాళ్లకు తలదీపాలు అందించే లాంప్ రూములో ఆడవాళ్లు పనిచేయడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. ఆడపిల్లకు ఇవ్వరాదని కంపెనీలో ఎవరూ అనలేదు. ఆ మాట ఇంట్లోనే పుట్టింది, ఇంట్లోనే చెల్లింది. యేసుకుమార్ జేబులోంచి కలం తీసి చెల్లెలి ముందు పెట్టాడు. నీకేం కావాలని ఎవరూ అడగలేదు. ఆమె సంతకం పెట్టింది.

ఆనాటి నుంచి అన్నాచెల్లెళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోలేదు. ఏం చెప్పాలన్నా తల్లి మీదుగా చెప్పుకునేవారు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నా సరే, మాట మాత్రం సువార్త దాకా వెళ్లి తిరిగి రావలసిందే. సువార్త ఆ మాటలను తిట్లతో సహా పొల్లుపోకుండా మోసేది.

సుజిత బి.ఎడ్. చేసి జ్యోతినగర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పసాగింది. సాయంత్రాలు రాసుకునేది. అలా రాసినదే ‘దిగేటోళ్లు’: ఎనిమిది ఎపిసోడ్ల టీవీ సిరీస్. బొగ్గు ఊరిలో ఒక కుటుంబం. ఆ ఇంట్లో ఒక్కరికి తప్ప అందరికీ మానవాతీతమైన శక్తులున్నాయి. ఎవరికీ ఎవరితోనూ పొత్తు కుదరదు. తండ్రి భూమి లోపలి చప్పుడు వింటాడు. తల్లికి చీకట్లో కళ్లు కనిపిస్తాయి. వదినకు ఏ శక్తీ లేదు. కానీ శక్తులున్న వాళ్లంతా ఆమెకే భయపడతారు. తండ్రి శక్తి పిల్లల్లో ఒక్కరికే చెందుతుంది, అదీ మిగిలినవాళ్లు సంతకం పెడితేనే. కూతురి శక్తి ఆ సంతకంలో ఉంది: ఆమె కలం ఎత్తనంతకాలం ఆ ఇంట్లో ఏదీ చేతులు మారదు. ఆ సంగతి ఆమెకు సంతకం పెట్టిన తరువాత తెలుస్తుంది.

కొత్త కథలు కావాలని ఛానల్ ప్రకటించినప్పుడు పంపింది. వాళ్లకు నచ్చింది. అయితే కథలోని మనుషులు నిజమైన మనుషులను పోలి ఉన్నారనీ, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే ఇబ్బంది అనీ వాళ్ల వకీలు అన్నాడు. కుటుంబ సభ్యులందరూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. ఒక్క సంతకం లేకపోయినా సిరీస్ లేదు. అంటే సుజిత రాసింది తెర మీదికి రావడమో రాకపోవడమో ఆ మధ్యాహ్నం యేసుకుమార్ చేతిలో పడింది.

యేసుకుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“అవ్వా, దానికి చెప్పు. ప్లేడే డ్యూటీ ఇడ్శిపెట్టుకోని అచ్చిన. ఆదివారం దిగితె డబుల్ కూలీ. జల్ది తెగ్గొట్టుమను.”

“అవ్వా, ఆయనకు చెప్పు. పిలిచింది నేను గాదు, చానలోళ్లు” అంది సుజిత.

జగదీశ్వర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మీరు పక్కపక్కనే ఉన్నారు కదండీ…”

“నువ్వు చాయ్ తాగు సారూ” అంది సువార్త. “మా ఇంట్ల మాట గిట్లనే పోతది.”

“సారూ, గిది గూడ గప్పటి కాయితమసొంటిదేనా?” అన్నాడు మొగిలి. “నేను సాక్షి సంతకం పెట్టిన కాడల్లా లొల్లే అయితది. ముందుగాల్నే చెప్తున్న.”

జగదీశ్వర్ మర్యాదస్తుడు. నవ్వి, ఫైలులోంచి కాగితం తీసి చదివాడు. మొదటి రెండు అంశాలు అందరూ అనుకున్నవే. మూడో అంశం ప్రకారం, కథలో అవసరమనుకున్న మార్పులన్నీ చేసుకునే హక్కు ఛానల్‌దే.

“మూడోది తీసెయ్యమని ఫోన్‌లోనే చెప్పిన” అంది సుజిత.

“అది స్టాండర్డ్ క్లాజ్ మేడమ్. అందరి దగ్గరా తీసుకుంటాం.”

“మారిస్తే నాది కాదు. నాది కానిదానికి మా ఇంటోళ్ల సంతకాలెందుకు?”

జగదీశ్వర్ సర్దుకుని కూర్చున్నాడు. “చూడండి మేడమ్, మీరు అద్భుతంగా రాశారు. కానీ ఇళ్లలో అందరూ కలిసి కూర్చుని చూస్తారు. ఎనిమిది ఎపిసోడ్లూ కొట్టుకుని, చివర్లో కూడా కలవకపోతే ఎలా? చిన్న చిన్న మార్పులే చేశాం. పేరు ‘మహాశక్తి కుటుంబం’ అని పెట్టాం. మూడో ఎపిసోడ్‌లో అమ్మ పాత్ర చనిపోతుంది. అక్కడ సెంటిమెంట్ బాగా పండుతుంది.”

చాయ్ గ్లాసులు తీస్తున్న సువార్త ఆగిపోయింది. “ఎవరు సచ్చేది? నేనా?”

“మీరు కాదమ్మా, పాత్ర.”

“చీకట్ల కండ్లు కనబడే మనిషి ఎట్ల సస్తది?”

“గని ప్రమాదంలో…”

“నేను బొగ్గుబాయిల దిగనే దిగలేదు గదా.”

“పోనీ, జ్వరమనుకోండి.”

“జ్వరానికి దవాఖాన లేదా? గింత దూరంలనే ఉన్నది. మూడో ఎపిసోడ్‌లనే పోతే మిగిలిన ఐదింట్ల ఈ ఇద్దరి మాటలు ఎవరు మోస్తరు, నువ్వా?”

మొగిలి తువ్వాలుతో నోరు మూసుకుని నవ్వాడు. దావీదుకు ఏమీ వినపడక అందరి ముఖాలూ చూస్తున్నాడు. శోభ ఆయన చెవి దగ్గరకు వంగి, “అత్తమ్మను మూడో ఎపిసోడ్‌ల సంపుతరట” అని అరిచింది. “ఎందుకు?” అన్నాడు దావీదు. “ఏడ్వనీకి” అంది శోభ. ఆయన జగదీశ్వర్ వైపు చాలాసేపు చూశాడు.

అప్పుడు జగదీశ్వర్ తన దగ్గరున్న గట్టి ముక్కను బయటపెట్టాడు. యేసుకుమార్ వైపు తిరిగాడు.

“అన్నా, మీకు ఫోన్‌లో చెప్పాను కదా. మేడమ్ రాసినదాంట్లో అన్నయ్య పాత్ర చివరిదాకా మొండిగానే ఉంటుంది. చూసేవాళ్లకు కోపమొస్తుంది. రేపు ఊళ్లో మీకూ బాగుండదు. మేము మిమ్మల్ని హీరోని చేశాం.”

ఫోన్ సంగతి సుజితకు అప్పుడే తెలిసింది. అన్న ప్లేడే వదులుకుని ఎందుకొచ్చాడో అర్థమైంది.

“ఎట్ల చేసిండ్రు? సదువు” అన్నాడు యేసుకుమార్.

జగదీశ్వర్ ఫోన్ తీసి, గొంతు సవరించుకుని చదివాడు. వర్షం. గని ముఖద్వారం. అన్న చెల్లెలి ముందు మోకరిల్లాడు. అరచేయి తెరిచాడు. నీలి వెలుగు అతని చేతిలోంచి లేచి ఆమె చేతిలోకి దిగింది. ‘నన్ను క్షమించు చెల్లీ. ఇది ఎప్పటికీ నీదే. నేను దాచుకున్నాను, అంతే’ అంటూ పాదాల మీద పడ్డాడు. తండ్రి పరుగున వచ్చి ఇద్దరినీ హత్తుకున్నాడు. ఆకాశంలో తల్లి ముఖం. పాట.

జగదీశ్వర్ ఫోన్ దించి యేసుకుమార్ ముఖం చూశాడు.

సుజితకు ఆ దృశ్యం కొత్తది కాదు. బడి నుంచి వచ్చే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, ఎన్నోసార్లు ఊహించుకున్నదే. ఊహలో వర్షం కూడా ఉండేది. రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం చెయ్యి సాగలేదు. అది తన ఆశ, అన్న స్వభావం కాదు. కానీ ఇప్పుడు ఛానల్ అన్నకు ఊరి ముందు మంచివాడయ్యే దారి చూపిస్తోంది. చేయవలసిందల్లా ఒక సంతకం. ఎవరు మాత్రం కాదంటారు? ఆనాటి కాగితమే మళ్లీ అన్న వైపు నుంచి తన ముందుకు వస్తున్నట్టు తోచి, ఆమె చూపును యేసుకుమార్ మీది నుంచి తిప్పుకుంది.

“నేనెందుకిస్త?” అన్నాడు యేసుకుమార్.

జగదీశ్వర్‌కు అర్థం కాలేదు. “ఏమన్నారు?”

“నేనెందుకిస్త సారూ? గన్ని ఏండ్ల సంది దిగుతున్న. బూట్లల్ల నీళ్లు, నోట్ల బొగ్గు. నా బిడ్డ పుట్టిన నాడు లోపల్నే ఉన్న. గిప్పుడు వానల కూసోని, ఏడ్సుకుంట, కాళ్లు మొక్కి ఇచ్చుడేంది? గంత అగ్గువకు అచ్చిందా నాకు?”

“అది కథ కదండీ…”

“కథల నన్ను దొంగను చేసినవు. ‘దాచుకున్న’నట. నేనేం దాచుకోలే. బరాబర్ అందరి ముందట తీస్కున్న.” అతని గొంతు పెరిగింది. తల తిప్పి సుజితను చూశాడు. “నువ్వేం రాసినవు? సదువు.”

సుజిత అలవాటు ప్రకారం తల్లి వైపు తిరిగింది. “అవ్వా, ఆయనకు చెప్పు…”

“అవ్వతోని ఏం పని? నిన్నే అంటున్న. సదువు.”

మొగిలి దావీదు భుజం తట్టి, “దావీదన్నా, నీ కొడుకు నీ బిడ్డతోని మాట్లాడిండు!” అని కేకేశాడు. “ఎవనితోని?” అన్నాడు దావీదు.

సుజిత సంచిలోంచి కాగితాలు తీసింది. నెమ్మదిగా చదివింది. ఆమె రాసిన ఆఖరి ఎపిసోడ్‌లో వర్షం లేదు. చెల్లెలు ఒక కర్ర పట్టుకుని గనిలోకి దిగుతుంది. సంతకం పెట్టేశాక ఆమెకు ఏ శక్తీ మిగల్లేదు. పైకప్పును కొడుతుంది, వింటుంది, మళ్లీ కొడుతుంది. చాలా దూరం ముందు అన్న నడుస్తున్నాడు, వెనక్కి చూడడు. అతనిది అతను ఇవ్వడు, ఆమె అడగదు. ఒకచోట పైన భూమి కదులుతుంది. ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. అతను తన శక్తితో విన్నాడు, ఆమె తన కర్రతో విన్నది. ‘జరుగు’ అంటాడు అన్న. ‘నాకు తెల్సు’ అంటుంది చెల్లెలు. ఇద్దరూ రెండు వైపులకు దూకుతారు. మధ్యలో పైకప్పు కూలుతుంది. దుమ్ము తగ్గాక అటు ఒక దీపం, ఇటు ఒక దీపం వెలుగుతూ ఉంటాయి. అంతే.

యేసుకుమార్ గడ్డం రుద్దుకున్నాడు. “ఐదో ఎపిసోడ్‌ల అన్న గుంజుకున్నడని రాసినవట. శోభ సదివి చెప్పింది.”

“రాసిన. తియ్య.”

“తియ్యమన్ననా? గుంజుకున్న. శోభ కడుపుతోని ఉండె, నాకు చేతుల పని లేకుండె. గా దినం మల్ల అస్తె మల్ల గుంజుకుంట. గుంజుకున్నడనే ఉండనియ్యి. గని ఇంకోటి తప్పు రాసినవు. గది మార్చు.”

“ఏది?”

“కాయితం మీద సంతకం పడంగనే బాపు చెవి నాకచ్చిందని రాసినవు. రాలే. సంతకంతోని కొలువచ్చింది, చెవి రాలే. రూఫ్‌ను కొడితె నాకు అంతా ఒక్కతీరే ఇనబడేది. భయానికి అన్నం పోకపోయేది. మొగిలి కాకనే నా పక్కన నిలబడి, తప్పు చెప్పినప్పుడల్లా నా ఈపు మీద ఏసి నేర్పిండు.”

“ఈపు గూడ డొల్లగనే మోగేది సారూ” అన్నాడు మొగిలి, జగదీశ్వర్‌తో.

“గది నాకు ఎవ్వలియ్యలే. నేను తెచ్చుకున్న” అన్నాడు యేసుకుమార్.

సువార్త ఈ మాటలను భర్త చెవిలో అరిచి చెప్పింది. దావీదు తల ఊపాడు. “నా చెవి నేనెవనికియ్యలే. మిషన్ల మోతకు పోయింది.”

సుజిత కాగితాలను ఒళ్లో పెట్టుకుంది. ఒక్క అక్షరం మార్చనని ఛానల్‌కు రెండు నెలలుగా చెబుతూ వస్తోంది. కానీ అన్న చెప్పింది కాదనడానికి లేదు. శక్తి సంతకంతో చేతులు మారేదైతే, తన కథలోని చెల్లెలు కర్రతో ఎన్నిసార్లు కొట్టినా ఏమీ వినపడకూడదు. ఆమె విన్నదని రాసింది తనే. ఆఖరి ఎపిసోడ్ నిలవాలంటే అన్న మాటే నిజం కావాలి. అలాగైతే పదమూడేళ్ల కిందట తన చేతిలోంచి వెళ్లిపోయింది ఒక కొలువు మాత్రమే. అది చిన్నదేమీ కాదు. దాని కోపం దానికి ఉండనీ. అంతకు మించి పోయిందనుకున్నది ఎవరి చేతికీ పోలేదు.

“అది మారుస్త” అంది. “చెవి సంగతి ఒక్కటే. మిగిలినయేవీ మార్చ.”

“మార్చకు.”

యేసుకుమార్ ముందుకు వంగి, జగదీశ్వర్ కలం అందుకుని, అతని కాగితం మీది మూడో అంశాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేశాడు.

“అయ్యో, అలా కొట్టేస్తే చెల్లదన్నా. మా లీగల్ వాళ్లు ఒప్పుకోరు.”

“ఒప్పుకోకుంటె నీ కాయితం నువ్వు తీస్కపో సారూ” అంది సువార్త. “మాది మేమే రాసుకుంటం. బిడ్డా, నీ సంచిల కాయితం లేదా?”

సుజిత తెల్లకాగితం తీసి, మోకాళ్ల మీద పుస్తకం ఆనించుకుని రాసింది. తేదీ వేసింది, స్థలం వేసింది, హాజరైనవారి పేర్లు వేసింది. కింద ఇలా రాసింది: ‘దిగేటోళ్లు అనే సిరీస్‌ను సుజిత రాసినట్టు తీయడానికి మా కుటుంబంలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఆఖరి ఎపిసోడ్‌లో ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వరు. ఇచ్చినట్టు తీస్తే మా అందరికీ అభ్యంతరం ఉంది.’

“నేను సావనని గూడ రాయి” అంది సువార్త. రాసింది.

యేసుకుమార్ జేబులోంచి కలం తీసి చెల్లెలి ముందు పెట్టాడు. పెట్టిన తరువాత అతనికీ ఏదో గుర్తుకొచ్చినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకోవడంలో తడబడ్డాడు.

“నాకున్నది” అంది సుజిత. తన కలంతోనే సంతకం పెట్టింది.

తరువాత దావీదు పెట్టాడు, ఒక్కో అక్షరం దిమ్మె నిలబెట్టినంత జాగ్రత్తగా. సువార్త పెట్టింది. యేసుకుమార్ పెట్టాడు. కోడలి సంతకం అవసరం లేదని జగదీశ్వర్ అనబోతే, “నేను ఇంట్ల మనిషిని గానా? టీవీల అందరు భయపడేది నాకే గదా” అని శోభ కాగితం లాక్కుంది. మొగిలి సాక్షిగా పెడుతూ, “లొల్లి అయితదని ముందుగాల్నే చెప్పిన” అన్నాడు.

జగదీశ్వర్ వరండాలోకి వెళ్లి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. చాలాసేపు ‘అవును సార్, కాదు సార్’ అని తిరిగి వచ్చాడు. “ఆలోచించి చెబుతామన్నారు మేడమ్. కాకపోవచ్చు కూడా. మీరు ఒక్కసారి…”

“ఆలోచించుకోనివ్వండి” అంది సుజిత. “తీస్తే ఇట్లనే తీయాలె. లేకుంటే తీయనే వద్దు.”

ఆ మాట అనడానికి భయమేస్తుందని ఆమె వారం రోజులుగా అనుకుంటోంది. అనేశాక చూసుకుంటే భయం లేదు, ఆకలి ఉంది.

“సరే, ఆ కాగితం ఇవ్వండి, చూపిస్తాను” అన్నాడు జగదీశ్వర్.

“ఫోటో తీస్కో” అంది సువార్త. “అసలుది మా ఇంట్ల ఉంటది.”

జగదీశ్వర్ ఫోటో తీసుకున్నాడు. కొట్టేసిన కాగితాన్ని ఫైలులో పెట్టుకుని కారెక్కాడు. యేసుకుమార్ వాకిట్లో బండి స్టార్టు చేసి, శోభ ఎక్కి కూర్చున్నాక, ఇంట్లోకి తల తిప్పాడు.

“అవ్వా, దానికి చెప్పు. టీవీల నా పాత్రకు మీసాలుండాలె.”

“అవ్వా, ఆయనకు చెప్పు” అంది సుజిత గడప లోపలి నుంచి. “సూస్త అను.”

సువార్త ఇద్దరిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి, బీరువాలో చీరల కింద ఉన్న రేకు డబ్బా తీసింది. అందులో పదమూడేళ్ల నాటి కాగితం నకలు ఉంది. దాని పైన దీన్ని పెట్టి, మూత గట్టిగా నొక్కి, డబ్బాను మళ్లీ చీరల కిందికి తోసింది.